దేవహూతి విన్న గర్భవృత్తాంతము

శ్రీమద్భాగవతము తృతీయ స్కంధమున కపిల మహాముని తన తల్లియైన దేవహూతికి జీవుడు గర్భమున ప్రవేశించి దేహము దాల్చు విధమును బోధించును. పురాణ శ్రవణమందు ఈ ఘట్టమును తరచు త్వరగా దాటింతురు. రక్తమాంసముల ప్రస్తావన సభలో ఏల యని సంకోచము. కాని వినుచున్నది ఎవరో గమనింపదగును. తొమ్మండుగురు కుమార్తెలను, పిమ్మట కపిలుని కనిన తల్లి ఆమె. చెప్పువాడు ఆ గర్భమునుండి వచ్చినవాడే. పదిమందిని మోసిన ఆ తల్లికి సైతము తనలోపల జరిగినది కంటికి కనబడలేదు.

కపిలుని లెక్క యిది. ఒక్క రాత్రికి కలలము, అయిదు రాత్రులకు బుద్బుదము, అనగా నీటిబుగ్గ, పది దినములకు రేగుపండంత, ఆపైని మాంసపిండము. నెలకు శిరస్సు, రెండు నెలలకు కాలుసేతులు, మూడవ నెలకు గోళ్లు, రోమములు, ఎముకలు, చర్మము. గర్భోపనిషత్తు లెక్క కొంత వేరు. అందు బుద్బుదమునకు ఏడు రాత్రులు. ఈ భేదమును దాచి, ఋషులు సూక్ష్మదర్శినిలో చూచి చెప్పిరని వేదికలపై గర్వించుట తగదు. పదవ దినమున పిండము రేగుపండంత కాదు, ఆవగింజంతయు ఉండదు. అయినను ఆకారము లేనిదానినుండి మెట్టుమెట్టుగా రూపమేర్పడు నను ఆ క్రమము సత్యము. ఐరోపాలో పండితులనేకులు పదునెనిమిదవ శతాబ్దము వరకును బీజములోనే అంగములన్నియు గల చిన్న మనిషి ముడుచుకొని యుండునని నమ్మిరి.

నేటి శాస్త్రము చెప్పునది వినుడు. తల్లి అండము, తండ్రి బీజము కలిసిన కణము మిల్లీమీటరులో పదవవంతు. ఒక దినము గడచిన పిదప అది రెండగును, రెండు నాలుగగును. మూడు నాలుగు దినములకు మల్బరీ పండువంటి గుత్తి. అయిదవ దినమున లోపల నీరు నిండి నిజముగానే బుగ్గ యగును. ఇది కాకతాళీయమో, ఋషుల దృష్టియో, ఎవరి నమ్మకము వారిది. ఆరేడు దినములకు ఆ బుగ్గ గర్భాశయపు గోడను అంటుకొనును. రెండవ వారమున పిండము రెండు పొరల పళ్లెము మాత్రమే.

మూడవ వారమున అసలు విశేషము. సుమారు పదునైదవ దినమున ఆ పళ్లెముపై సన్నని గీత యొకటి కనబడును. పైపొర కణములు ఆ గీతకడకు జరిగి, అందుండి లోనికి దిగి, అడుగున పరచుకొనును. అట్లు మూడు పొరలేర్పడును: బహిస్త్వచము, మధ్యస్త్వచము, అంతస్త్వచము. క్రైస్తవ మతస్థుడైనను, ముసల్మానైనను, హిందువైనను, రాజైనను, చెరకుతోట కూలియైనను ఈ మూడు పొరలనుండి పుట్టినవాడే. వెలిపొరనుండి చర్మము, వెండ్రుకలు, గోళ్లు పుట్టును. మెదడును, వెన్నుపామును, నరములును ఆ పొరనుండియే పుట్టును. ఎండకు కమిలెడి తోలును, దైవమును తలచెడి మెదడును ఒక తల్లి బిడ్డలు! నడిమి పొరనుండి గుండె, రక్తము, ఎముకలు, కండలు, మూత్రపిండములు. లోపొరనుండి అన్నకోశపు, పేగుల, ఊపిరితిత్తుల లోపలి అస్తరు, కాలేయము, క్లోమము. కోడిపిండమున ఈ మూడు పొరలను 1817లో పాండర్ అను పండితుడు వర్ణించెను.

ఈ వారములందే ఒక ప్రమాదస్థానము కలదు. వెలిపొర నడుమ గాడి పడి, దాని అంచులు రెండును పైకి లేచి కలిసికొని గొట్టమగును. మెదడు, వెన్నుపాము దానినుండి యేర్పడును. ఆ గొట్టము ఇరువది యెనిమిదవ దినము నాటికి మూసికొనవలెను. క్రింద మూయకున్న బిడ్డ వెన్ను చీలి పుట్టును. పైన మూయకున్న బ్రతుకదు. ఇరువది యెనిమిదవ దినమనగా నెల తప్పి రెండు వారములు. అప్పటికి అనేకమంది స్త్రీలకు తాము గర్భవతులమని సందేహమైనను కలుగదు.

అట్టి బిడ్డ పుట్టిన యింట ఏమందురు? గ్రహణమునాడు బయటికి వచ్చినదందురు, పూర్వజన్మ పాపమందురు. పెదవి చీలి పుట్టిన బిడ్డకు మన భాషలో గ్రహణపు మొర్రి యను పేరే కలదు. నింద మాటలోనే యిమిడియున్నది. పెదవి భాగములు ఆరేడు వారములలో కలియవలసినవి కలియకపోవుటయే ఆ మొర్రికి కారణము. గ్రహణమునకు దానితో సంబంధము లేదు. కపిలుడు చెప్పినది జీవుని కర్మను గూర్చి, అదియు వినువారికి తమ జన్మను గూర్చి వైరాగ్యము కలుగుటకు. పక్కింటి బాలింతను దోషిని చేయుటకు ఆ శ్లోకములను వాడువారు భాగవతమును చదువనివారు. తల్లి పాపమను మాట అందు లేదు. తల్లి తినిన అన్నపానములతో శిశువు ధాతువులు పెరుగునను మాట మాత్రము కలదు.

ఆ యన్నమును గూర్చి పెద్దలు ఆలోచింపవలెను. ఆకుకూరలలోను, పప్పుధాన్యములలోను ఉండు ఫోలేటు అను విటమిను ఆ గొట్టము మూసికొనుటకు అవసరము. ముందు ఇట్టి బిడ్డను కనిన స్త్రీలకు దీని మాత్రలు గర్భమునకు ముందునుండి ఇచ్చినచో, మరల ఆ లోపము నూటికి డెబ్బది రెండు వంతులు తగ్గినదని 1991లో బ్రిటనులో ప్రకటించిన పరీక్ష తేల్చినది. దక్షిణాఫ్రికాలో 2003నుండి గోధుమపిండిలోను, మొక్కజొన్నపిండిలోను దీనిని కలుపుట చట్టమైనది. అయినను పిండి యొక్కటి చాలదు. గర్భము కోరు స్త్రీ దినమునకు నాలుగు వందల మైక్రోగ్రాముల మాత్రను ముందునుండియే వాడవలెనని వైద్యులు చెప్పుదురు. ముందు అట్టి బిడ్డ పుట్టియున్నచో మోతాదు ఎక్కువ. అది వైద్యుని అడిగియే తీసికొనవలెను.

షోడశ సంస్కారములలో మొదటిది గర్భాధానము. గర్భమునకు ముందే సిద్ధపడవలెనని పూర్వులు ఆ స్థానమిచ్చిరి. నేడది మంత్రమునకైనను మిగులలేదు. సీమంతము మాత్రము వైభవముగా జరుగుచున్నది. గాజులు తొడిగి, పువ్వులు ముడిచి, చలిమిడి పెట్టి, కోడలిని పీటపై కూర్చుండబెట్టుట చూడముచ్చటయే. అత్తగారు ఆనాడు కొసరి కొసరి వడ్డించును. పెండ్లియైన నెలలో, కోడలు అందరికిని పెట్టి తాను కడపట మిగిలినది తినిన దినములలో, ఆమె పళ్లెమున ఏమి పడినదో ఎవరును చూడలేదు. ఏడవ నెల సీమంతమునాటికి ఆ గొట్టము మూసికొని, లేదా మూసికొనక, ఇంచుమించు అయిదు నెలలు గడచియుండును.