లైన్లో మన వెనక నిలబడ్డవాళ్ళు

ఈసారి మాట్లాడుకోబోయే ప్రశ్న గుడి దగ్గర పుట్టింది కాదు. న్యూయార్క్‌లో ఒక థియేటర్ బయట, ఫుట్‌పాత్ మీద పుట్టింది.

న్యూజెర్సీలో ఎం.ఎస్. చదువుతూ మన వీడియోలు చూసే ఒక చెల్లి మెయిల్ రాసింది. బ్రాడ్‌వేలో బాగా ఆడుతున్న ఒక షో చూడాలని కోరిక. మామూలు టికెట్ కొనే స్తోమత లేదు. అందుకని ఆ రోజుకి మిగిలిన చవక టికెట్ల కోసం తెల్లవారుజామునే ట్రైన్ ఎక్కి వెళ్ళింది. మూడు గంటలకి పైగా చలిలో నిలబడింది. ఇంకో పది నిమిషాల్లో కౌంటర్ తెరుస్తారనగా, ముందున్న ఒకబ్బాయి దగ్గరికి నలుగురు ఫ్రెండ్స్ కాఫీ కప్పులతో వచ్చి నవ్వుకుంటూ లైన్లో కలిసిపోయారు. సరిగ్గా ఈ అమ్మాయి వంతు వచ్చేసరికి టికెట్లు అయిపోయాయి. తను అడిగింది ఇదీ: "అన్నా, దీన్ని అధర్మం అనొచ్చా? లేక చిన్న విషయానికి పెద్ద మాట వాడుతున్నానా? ఆ అబ్బాయి చెడ్డవాడేం కాదు, ఫ్రెండ్స్‌కి హెల్ప్ చేశాడంతే."

ఆ ఆఖరి వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను. ఎందుకంటే మన దగ్గర కూడా ఈ పని చేసేవాళ్ళు దుర్మార్గులు కారు. రైల్వే కౌంటర్ దగ్గరైనా, సినిమా హాల్ దగ్గరైనా "నువ్వు రా, నేను ప్లేస్ ఉంచుతా" అనేవాడే మన గ్యాంగ్‌లో మంచివాడు.

ముందు ఆ లైన్ సంగతి తెలియనివాళ్ళ కోసం కొంచెం చెప్తాను. బ్రాడ్‌వేలో పెద్ద షోకి మంచి సీటు 150, 200 డాలర్లు దాటడం మామూలే. అందుకే చాలా షోలు కొన్ని టికెట్లని ఆ రోజు పొద్దున బాక్సాఫీసు తెరిచినప్పుడు తక్కువ ధరకి ఇస్తాయి. దాన్ని 'రష్' అంటారు. ముందు వచ్చినవాళ్ళకి ముందు, అయిపోతే అయిపోయినట్టే. ఇది కాక టైమ్స్ స్క్వేర్‌లో టీకేటీఎస్ అని ఒక బూత్ ఉంది, 1973 నుంచీ అదే రోజు షోల టికెట్లు డిస్కౌంట్‌లో అమ్ముతుంది. దాని పైనున్న ఎర్ర మెట్ల మీద ఫోటో దిగని మనవాళ్ళు తక్కువ. కింద లైన్లో నిలబడ్డవాళ్ళని మాత్రం ఎవరూ ఫోటో తీయరు.

ఇప్పుడు అసలు విషయం. లైన్లు అన్నీ ఒక్కటి కావు. తిరుమల సర్వదర్శనం తీసుకోండి. కంపార్ట్‌మెంట్‌లో గంటలకి గంటలు కూర్చుంటాం. పాలు వస్తాయి, ప్రసాదం వస్తుంది, పక్కన కూర్చున్న పెద్దావిడ మన ఊరు, ఉద్యోగం, పెళ్ళయిందా లేదా దాకా మొత్తం రాబట్టేస్తుంది. చిరాకు ఉంటుంది, కాళ్ళు లాగుతాయి, కానీ ఒక ధైర్యం ఉంటుంది: ఎంత ఆలస్యమైనా దర్శనం అవుతుంది. అక్కడ ఎవరైనా మధ్యలో దూరితే మన దగ్గర్నుంచి పోయేది కాసేపు టైమ్. అది కూడా తప్పే, కాదనను. రష్ లైన్ అలా కాదు. అక్కడ ఇరవై టికెట్లుంటే ఇరవయ్యే. ముందు నలుగురు చేరారంటే, వెనక ఎక్కడో నలుగురికి టికెట్ లేదన్నమాట. ఆ నలుగురెవరో ఫ్రెండ్స్‌ని పిలిచిన అబ్బాయికి తెలియదు. తెలియకపోవడం వల్లే అంత తేలిగ్గా పిలవగలిగాడు.

అది సహాయమే, స్నేహమే, ఒప్పుకుంటాను. కానీ సహాయం ఎవరి జేబులోంచి వచ్చింది? మన దగ్గరున్న వంద రూపాయలు ఇస్తే దానం. పక్కవాడి జేబులోంచి తీసి ఇస్తే దానికి వేరే పేరుంది. ఆ అబ్బాయి తన చోటుని ఒక ఫ్రెండ్‌కి ఇచ్చేసి ఇంటికి వెళ్ళి ఉంటే, అది నిజంగా త్యాగం. తను కదలకుండా నలుగురికి చోటిచ్చాడు. ఆ నాలుగు చోట్లూ అతనివి కావు.

ఇక్కడ మీలో చాలామందికి కృష్ణుడి దగ్గరికి అర్జునుడూ దుర్యోధనుడూ వెళ్ళిన ఘట్టం గుర్తొచ్చే ఉంటుంది. తిరుపతి వేంకట కవుల పాండవోద్యోగంలో 'పడక సీను' అంటే ఒకప్పుడు ఊళ్ళకి ఊళ్ళు బండ్లు కట్టుకుని వచ్చేవి, ఒక్కో పద్యానికి జనం వన్స్‌మోర్ కొట్టేవాళ్ళు. చిత్రం ఏంటంటే, అంత డిమాండ్ ఉన్న ఆ స్టేజీ సీనులో గొడవే "ఎవరు ముందొచ్చారు" అని!

కథ మీకు తెలిసిందే. దుర్యోధనుడు ముందు వచ్చాడు, తల దగ్గర ఆసనం మీద కూర్చున్నాడు. అర్జునుడు తర్వాత వచ్చాడు, కాళ్ళ దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు. కృష్ణుడు కళ్ళు తెరవగానే కనపడింది అర్జునుడు. మామూలుగా ఈ కథని గర్వం, వినయం అని చెప్పేసి వదిలేస్తాం. కానీ వ్యాస భారతం ఉద్యోగపర్వంలో దుర్యోధనుడు చేసే వాదన చూడండి. ముందు వచ్చింది నేను, మంచివాళ్ళు ముందు వచ్చినవాడి వైపు నిలబడతారు, అది పెద్దల ఆచారం అంటాడు. అంటే మనం ఇప్పుడు బాక్సాఫీసు కౌంటర్ దగ్గర అనే మాటే! ఆ మాట దుర్యోధనుడి నోట వచ్చింది కదా అని కృష్ణుడు కొట్టిపారేయలేదు. నువ్వు ముందొచ్చావన్నది నిజమే, నేను ముందు చూసింది ఇతన్ని, కాబట్టి ఇద్దరికీ సాయం చేస్తాను అన్నాడు. కోరుకునే అవకాశం మాత్రం చిన్నవాడికి ముందిచ్చాడు. ముందు రావడానికి ఒక విలువ ఉంది, ఆ విలువ ఒక్కటే ఉందని కాదు. లైన్లో ముసలాయన నిలబడలేకపోతే ముందుకి పంపిస్తాం, చంటిపిల్ల తల్లిని పంపిస్తాం. అది లైన్‌ని పాడుచేయడం కాదని లోపల మనకే తెలుసు.

"అయితే కృష్ణుడే లైన్ పట్టించుకోలేదుగా" అని ఎవరైనా తెలివిగా అంటే, రెండు సంగతులు గుర్తుచేయండి. అర్జునుడు ఎవరినీ తోసుకుని ముందుకు రాలేదు, వచ్చినచోట నిలబడ్డాడు. ఇక కృష్ణుడు పంచింది తన సొంతం. ఒకరికి తనని తాను, ఇంకొకరికి తన నారాయణ సేన. ఆ రోజు గుమ్మం దగ్గర్నుంచి ఖాళీ చేతులతో వెళ్ళినవాడు లేడు.

ఇంకో చిక్కు ప్రశ్న కూడా ఉంది. ఫ్రెండ్స్ సంగతి సరే, డబ్బిచ్చి మనిషిని నిలబెడితే? న్యూయార్క్ సెంట్రల్ పార్క్‌లో డెలకోర్ట్ అని ఆరుబయట థియేటర్ ఉంది, 1962లో కట్టింది. వేసవిలో అక్కడ పబ్లిక్ థియేటర్ వాళ్ళు షేక్‌స్పియర్ నాటకాలు ఫ్రీగా వేస్తారు. ఫ్రీ అంటే పైసా లేదు, లైన్లో నిలబడితే చాలు. జనం పొద్దున్నే పార్కుకి వచ్చి దుప్పట్లు పరుచుకుని మధ్యాహ్నం దాకా ఎదురుచూస్తారు. కొన్నాళ్ళకి అక్కడ కొత్త వ్యాపారం మొదలైంది: మీ బదులు మేం నిలబడతాం, డబ్బివ్వండి. మైకేల్ శాండెల్ అనే ప్రొఫెసర్ 2012లో రాసిన 'వాట్ మనీ కాన్ట్ బయ్' పుస్తకంలో ఈ సంగతి ఉంది. ఒక్కో ఫ్రీ టికెట్‌కి 125 డాలర్ల దాకా అడిగారట. అప్పుడు న్యూయార్క్ అటార్నీ జనరల్‌గా ఉన్న ఆండ్రూ కువోమో ఆ ప్రకటనలు ఆపించడానికి ప్రయత్నించాడు.

లెక్క ప్రకారం చూస్తే ఇందులో వెనకవాడికి నష్టం లేదు. ఒక మనిషి నిలబడ్డాడు, ఒక మనిషి వంతే వాడుకున్నాడు. మన కాఫీ కప్పుల గ్యాంగ్ కంటే ఇదే నిజాయితీగా ఉందనిపిస్తుంది. మరి ఎక్కడ గుచ్చుకుంటోంది? అన్నదానం పంక్తిలో కూర్చుని, విస్తరి రాగానే బయట కారులో ఉన్నాయనకి అమ్మేసినట్టు ఊహించుకోండి. విస్తళ్ళ లెక్క తప్పలేదు. పెట్టినవాడి ఉద్దేశం మాత్రం పోయింది. జేబు చూడకుండా వచ్చినవాళ్ళకి పెడదామనుకున్నది, జేబు ఉన్నవాడికే చేరింది. నిలబడ్డ కుర్రాడిని నేను పెద్దగా తప్పుపట్టను, అతనికి రూమ్ అద్దె కట్టాల్సి ఉండొచ్చు. దాన్ని కొన్నవాడి గురించే నాకు అభ్యంతరం. 200 డాలర్ల షో టికెట్ కొనుక్కోగలిగినవాడు, డబ్బు అడగని ఒకే ఒక్క చోటికి కూడా డబ్బు తీసుకొచ్చాడు.

ఈ గొడవలన్నీ లేకుండా లాటరీ పెడితే పోదా అని మీరు అనొచ్చు. పెట్టారు కూడా. 1996లో 'రెంట్' అనే మ్యూజికల్ బ్రాడ్‌వేకి వచ్చినప్పుడు ముందు రెండు వరుసలు 20 డాలర్లకే ఇచ్చారు, డబ్బులేనివాళ్ళు కూడా చూడాలని. కుర్రాళ్ళు రాత్రంతా ఫుట్‌పాత్ మీదే పడుకోవడం మొదలుపెట్టారు. ఇలా అయితే కష్టమని తర్వాత లాటరీకి మార్చారు. 2015లో 'హామిల్టన్' వచ్చింది, లాటరీ టికెట్ 10 డాలర్లు, ఎందుకంటే పది డాలర్ల నోటు మీద ఉన్న బొమ్మ ఆయనదే. జనం ఎంత వచ్చారంటే, పేరు రాని వాళ్ళు ఉత్త చేతులతో పోకూడదని నటీనటులు థియేటర్ బయటికి వచ్చి రెండు మూడు నిమిషాలు పాడి వినిపించేవాళ్ళు. జనం రోడ్డు మీదికి వచ్చేయడంతో అది కూడా చివరికి ఆన్‌లైన్‌కి వెళ్ళిపోయింది.

లాటరీలో అందరూ సమానమే. పొద్దున ఆరింటికి రాలేని నర్సుకీ, షిఫ్ట్ వదిలి రాలేని డెలివరీ కుర్రాడికీ లైన్ కంటే లాటరీయే న్యాయం. లైన్ అంటే టైమ్ ఉన్నవాడి రాజ్యం, ఆ మాట దాచుకోనక్కర్లేదు. అయినా నాకు లైనే ఇష్టం. లాటరీలో ఎవరూ మీకు అన్యాయం చేయలేరు, ఎవరూ మీకు మంచి కూడా చేయలేరు. పక్కన మనిషే ఉండడు.

ఇక ఆ చెల్లి నిలబడ్డ మూడు గంటల సంగతి. ఇలాంటప్పుడు మనవాళ్ళు వెంటనే ఒక మాట అనేస్తారు: "నీకు రాసిపెట్టి లేదులే అమ్మా, స్వామి ఇంకేదో మంచిది ఇస్తాడు." ఈ మాట నేను అనను. టికెట్లు నిజంగానే అయిపోయి రాకపోతే, ఆ మాట ఓదార్పు. ఎవరో లాక్కుంటే రాకపోయినప్పుడు అదే మాట, లాక్కున్నవాడికి ఇచ్చే క్లీన్ చిట్. లైన్లో నిలబడితే టికెట్ వచ్చి తీరాలని ఎవరూ మాటివ్వలేదు, చేసిన పనికి ఫలం మన చేతిలో లేదన్నది అక్కడికి సరిగ్గా సరిపోతుంది. కానీ ఉన్న టికెట్లు వరసలో ఇస్తాం అని మాత్రం లైన్ మాటిచ్చింది. తప్పింది ఆ మాట. దాన్ని తప్పించింది విధి కాదు, నాలుగు కాఫీ కప్పులు.

అందుకే నా జవాబు: అవునమ్మా, అనొచ్చు. చిన్నదే, కానీ అధర్మమే. చిన్నది కాబట్టి శాపనార్థాలు అక్కర్లేదు, అధర్మం కాబట్టి నోరు విప్పొచ్చు. మనవాళ్ళం ఇలాంటి చోట పళ్ళు కొరుక్కుని ఊరుకుంటాం, పరాయి దేశంలో అయితే మరీ. "నా కోసం గొడవెందుకు" అనుకుంటాం. నీ వెనక కూడా మనుషులున్నారు కదా. "ఎక్స్‌క్యూజ్ మీ, లైన్ చివర అటు ఉంది" అని నవ్వుతూ అన్నా, అది వాళ్ళ తరఫున కూడా అన్నట్టే. నీ ఒక్కదాని కోసమైతే గొంతు వణుకుతుంది, వాళ్ళ కోసం అనుకుంటే కొంచెం తక్కువ వణుకుతుంది.

మరి అసలు ఎవరికీ ప్లేస్ ఉంచకూడదా? అప్పటిదాకా నిలబడ్డ మనిషి వాష్‌రూమ్‌కి వెళ్ళొస్తానంటే ఉంచండి, ఆ చోటు అతనిదే. ఇంకా రాని మనిషి కోసం ఉంచడమే తేడా. "మా ఫ్రెండ్ వస్తాడు, పర్లేదా" అని వెనకాయన్ని అడిగితే సరిపోతుంది కదా అంటారు కొందరు. ఆయన పర్లేదంటాడు, మొహమాటం. ఆయన వెనక ఉన్న ముప్పైమంది తరఫున పర్లేదనే హక్కు ఆయనకి లేదు.

ఈ లైన్లకి వెళ్ళాలనుకునేవాళ్ళు వీలైతే వారం మధ్యలో వెళ్ళండి, శనివారం జనం ఎక్కువ. షోని బట్టి రూల్స్ మారతాయి, ముందు రోజే చూసుకోండి. సాధారణంగా ఒక్కొక్కరికి రెండు టికెట్ల దాకా ఇస్తారు. రెండోది తీసి పెట్టుకుని తర్వాత తోడు వెతుక్కోవచ్చు, రూల్ అడ్డురాదు. ఒక్కరే వెళ్తే ఒక్కటే తీసుకోండి.