నచికేతుడి మొదటి వరం

మా వియ్యంకుడు వాదనలో వెనకబడుతున్నానని అనిపిస్తే గీత తెరుస్తాడు. రామగుండం ఎరువుల కర్మాగారంలో పనిచేసి, 1999లో అది మూతపడ్డాక పురాణ కాలక్షేపంలో స్థిరపడ్డ మనిషి. ఈసారి తెరిచింది మూడో అధ్యాయం, 35వ శ్లోకం. స్వధర్మాన్ని వదలవద్దని కృష్ణుడు అర్జునుడికి చెప్పే చోటు. ఇక్కడ అర్జునుడు ఆరేళ్లు నిండని మా మనుమడు. కురుక్షేత్రం దుబాయి.

అక్కడ కన్‌స్ట్రక్షన్ కంపెనీలో పనిచేసే మా పెద్దోడు రెండు స్కూళ్ల పేర్లు ఇంటి వాట్సాప్ గ్రూపులో పెట్టి, ఏది బాగుంటదో చెప్పమన్నాడు. ఒకటి మన సీబీఎస్‌ఈ. ఏప్రిల్‌లో మొదలవుతుంది, ఫీజు తక్కువ, హిందీ ఉంది, దీపావళి చేస్తారు, రేపు ఉద్యోగం పోయి తిరిగొచ్చినా అవే పుస్తకాలు. రెండోది ఇంటర్నేషనల్ బాకలారియేట్, అందరూ ఐబీ అంటారు. ఆగస్టు చివర్లో మొదలవుతుంది. ఫీజు చూసి మా ఆవిడ ఫోను పక్కన పెట్టేసింది. రెండింట్లోనూ తెలుగు లేదు. రెండింట్లోనూ అరబ్బీ ఉంది, అక్కడి ప్రైవేటు స్కూళ్లలో అది తప్పదు. కేహెచ్‌డీఏ అనే ప్రభుత్వ సంస్థ 2008 నుంచి స్కూళ్లను తనిఖీ చేసి గ్రేడ్లు వేస్తూ వచ్చింది. మా వాడు ఆ నివేదికలన్నీ చదివాడు. చదివి కూడా మమ్మల్ని అడిగాడంటే వాడికి కావాల్సింది గ్రేడు కాదు. రేపు ఏమైనా తేడా వస్తే పంచుకోవడానికి నలుగురు కావాలి.

వియ్యంకుడి మాట తీసిపారేసేది కాదు. "ముందు మనిషికి ఒక ఇల్లు ఉండాలె బావా, తర్వాతనే లోకం. అన్ని దేశాలూ నీవే, అన్ని దేవుళ్లూ నీవాళ్లే అని ఆరేండ్ల పోరనికి చెప్తే వానికి ఏదీ తనది కాకుండ పోతది" అన్నాడు. ధర్మం అంగట్లో ఎంచుకునేది కాదు, పుట్టుకతో చేతికి వచ్చేది అని ఆయన నమ్మకం. బడి దాన్ని కాపాడితే చాలు.

నేను అడిగింది ఒక్కటే. అయితే నా స్వధర్మం ఏది?

మా తాత మంథని దగ్గరి పల్లెలో మగ్గం నేశాడు. 1960లలో గోదావరిఖనిలో ఇంక్లైన్ గనులు తెరుస్తున్నప్పుడు మా బాపు తట్టా చెమ్మస్ పట్టి కోల్ ఫిల్లర్ అయ్యాడు. నేను ఆయన బదులు బొగ్గు బాయిలో దిగి, పరీక్షలు రాసి సర్దార్‌నై, ఓవర్‌మన్‌గా రిటైరయ్యాను. నా కొడుకు ఎడారిలో మేడలు కడుతున్నాడు. ఇల్లందు దగ్గర బొగ్గు కనబడింది 1871లో, తవ్వడం మొదలైంది 1889లో, కంపెనీకి సింగరేణి పేరు వచ్చింది 1920లో. అన్నీ కలిపినా నాలుగైదు తరాల ముచ్చట, మా రామగుండం వైపు అంత కూడా లేదు. మా క్వార్టర్ల వరసలో ఒకే ఊరివాళ్లు రెండిళ్లు ఉంటే విశేషం. మేడారం పోలేనివాళ్లు మొక్కులు తీర్చుకునేందుకు గోదావరి ఒడ్డునే సమ్మక్క సారలమ్మ గద్దెలు వెలిశాయి. దేవతలే మనుషుల వెంట వచ్చిన చోట, అనాదిగా వస్తున్నది ఏదని చూపించను?

మా బొగ్గు బెల్టులో తరం నుంచి తరానికి గట్టిగా అందినది ఒక్కటే, వారసత్వ ఉద్యోగం. తండ్రి మెడికల్‌గా అన్‌ఫిట్ అయితే ఆ నౌకరీ కొడుక్కి వచ్చేది. నాకూ అట్లే వచ్చింది. మా బాపు ఊపిరితిత్తులు పనికిరావని కాగితం మీద పడ్డ రోజు మా అమ్మ పాయసం చేసింది. దానికి ఆమెను తప్పుపట్టేవాడు బెల్టులో ఒక్కడు దొరకడు. తండ్రి ఒళ్లు చెడడమే కొడుక్కి మంచి రోజు. ఇట్లాంటి వారసత్వం ధర్మశాస్త్రాల్లో ఎక్కడైనా ఉందేమో వియ్యంకుడే వెతికి చెప్పాలి. మధ్యలో ఏళ్ల తరబడి ఆగిన ఆ ఉద్యోగాలు మళ్లీ ఇస్తామంటే ఊరంతా సంబరపడింది. 2017లో హైకోర్టు కొట్టేసింది, ఉద్యోగం పుట్టుకను బట్టి రావడం సమానత్వానికి విరుద్ధమని. ఒళ్లు పూర్తిగా చెడినవాళ్ల పిల్లలకు కారుణ్య నియామకం అనే సందు మిగిలింది. ఆ తీర్పు ఎన్నో ఇళ్లను దెబ్బతీసింది. అయినా పుట్టుక వల్ల మనిషికి ఏది దక్కాలి, ఏది దక్కకూడదు అన్న పాత ప్రశ్నను మా బెల్టులో మొదటిసారి నిలబెట్టి అడిగింది ఆ కోర్టే. వాదన తప్పని ఇప్పటికీ అనలేను.

ఇంటర్నేషనల్ అంటే ఏ దేశమూ కానిదని వియ్యంకుడి ఎగతాళి. ఆ బడులు పుట్టిన తీరు వేరు. 1924లో జెనీవాలో నానాజాతి సమితిలోనూ అంతర్జాతీయ కార్మిక సంస్థలోనూ పనిచేసేవాళ్లు తమ పిల్లల కోసం ఒక స్కూలు పెట్టుకున్నారు. ఆ కార్మిక సంస్థ పేరు మేం సేఫ్టీ క్లాసుల్లో విన్నదే. ఆ స్కూల్లో పెద్ద క్లాసులకు వచ్చేసరికి ఎవరి దేశం పరీక్షకు వాళ్లు విడిపోయి చదవాల్సి వచ్చేది. ఫ్రెంచి పిల్లలు ఒక మూల, ఇంగ్లీషు పిల్లలు ఇంకో మూల. అందరికీ చెల్లే ఒకే పరీక్ష కావాలని 1968లో ఐబీ మొదలైంది. అది బదిలీల మీద బతికేవాళ్ల బడి. ధనవంతుల ముచ్చట తర్వాత అంటుకుంది. మా వాడిదీ బదిలీ బతుకే. వీసా ఉద్యోగానికి కట్టి ఉంటుంది, ఉద్యోగం పోతే ఇల్లూ బడీ రెండూ పోతాయి.

ఇదంతా రాస్తుంటే ఒకటి గుచ్చుకుంటోంది. పెళ్లాం పిల్లల్ని అక్కడ పెట్టుకోవాలంటే నెలకు 4,000 దిర్హమ్‌ల జీతం చూపించాలి, కంపెనీ ఇల్లు ఇస్తే 3,000. ధర్మపురి, జగిత్యాల వైపు నుంచి పోయి క్యాంపుల్లో ఉండేవాళ్లలో ఎందరికో అది అందదు. వాళ్ల పిల్లలు ఇక్కడే, అమ్మమ్మల దగ్గర ఉండి, ఇంటర్నేషనల్ అని బోర్డు మీద మాత్రమే ఉన్న బడులకు పోతారు. స్వధర్మమా పరధర్మమా అన్న మా మీమాంస ఆ జీతం గీత దాటినవాళ్లది.

సరే, గీతకు బదులు నేను కఠోపనిషత్తు తీశాను. ఉపనిషత్తుల్లో ఒక తండ్రి కొడుకును ఇంకొకరి చేతికి ఇచ్చేసే కథ అదొక్కటే నాకు గుర్తు. వాజశ్రవసుడు సర్వం దానమిచ్చే యాగం చేస్తూ పాలు వట్టిపోయిన ముసలి ఆవులను ఇచ్చేస్తుంటే కొడుకు నచికేతుడు చూశాడు. మరి నన్ను ఎవరికి ఇస్తావని అడిగాడు. ఒకసారి కాదు, మూడుసార్లు. తండ్రి కోపం పట్టలేక మృత్యువుకే ఇచ్చేశానన్నాడు. పిల్లవాడు యముడి గుమ్మంలో మూడు రాత్రులు తిండి లేకుండా కూర్చున్నాడు, యముడు వచ్చి మూడు వరాలిచ్చాడు. మూడో వరంగా చావు తర్వాత ఏమిటో చెప్పమంటే యముడు తప్పించుకోజూశాడు. ఏనుగులు, గుర్రాలు, బంగారం, భూములు, రథాల మీద అప్సరసలు, ఏది కావాలంటే అది ఇస్తానన్నాడు.

మా వాడు పంపిన ఐబీ స్కూలు బ్రోచర్‌లో ఈతకొలను, రోబోటిక్స్ ల్యాబు, గుర్రపు స్వారీ ఉన్నాయి. గుర్రాలు రెండు జాబితాల్లోనూ ఉన్నాయని చెబితే వియ్యంకుడు కూడా నవ్వాడు. నాకు ఆ బ్రోచర్ చదవడం రాత్రి షిఫ్టులో గని రూఫ్ తట్టినట్టే ఉంది. గట్టి రాయి ఖంగుమంటుంది, పొర విడిచింది బోలుగా పలుకుతుంది. ‘విశ్వపౌరుడు’, ‘సమగ్ర వికాసం’ బోలుగా పలికాయి. సీబీఎస్‌ఈ బ్రోచర్‌లోని ‘భారతీయ విలువలు’ కూడా అంతే. గట్టిగా పలికింది ఒక్కటి. ఐబీలో పెద్ద క్లాసుల పిల్లలు, తమకు తెలుసనుకున్నది ఎట్లా తెలుసో తామే ప్రశ్నించుకుని 1,600 పదాల లోపు వ్యాసం రాయాలట. దాన్ని మార్కులకు పెట్టడం నాకు నచ్చలేదు గానీ, అడుగుతున్నారు కదా.

అందరూ మూడో వరం మీద పుస్తకాలు రాశారు. నేను మొదటి వరం దగ్గరే ఆగిపోయాను. ఆ పిల్లవాడు మొట్టమొదట కోరుకున్నది ఆత్మజ్ఞానం కాదు. తను తిరిగి వెళ్లేసరికి తండ్రి కోపం చల్లారాలని, తనను గుర్తుపట్టి పలకరించాలని కోరాడు. ఇక్కడ మేం ముసలివాళ్లం పగలూ రాత్రీ భయపడేది పిల్లవాడు మమ్మల్ని గుర్తుపడతాడా అని. మా భాష తెలుస్తదా, మా దేవుడికి మొక్కుతడా, మేం పోతే తలకొరివి మంత్రం అర్థమైతదా అని. ఉపనిషత్తులో పిల్లవాడి భయం దానికి తలకిందులు. నేను మారి వస్తాను, వాళ్లు నన్ను గుర్తుపడతారా అని. యముడి ఇంటికి పోయి వచ్చినవాడు మారకుండా ఎట్లా ఉంటాడు? గుర్తుపట్టే పని తండ్రిది.

ఇది పుస్తకంలో చదవడం తేలిక. మొన్న చలికాలం వీడియో కాల్‌లో మనుమడు అడిగాడు, "తాతా, నువ్వు బొగ్గు తీసినవట కదా. దాని పొగతోనే భూమికి జరం వచ్చిందని మా టీచర్ చెప్పింది. ఎందుకు తీసినవ్?" 2023లో ప్రపంచ వాతావరణ సదస్సు వాళ్ల ఊళ్లోనే జరిగింది. బొగ్గు, చమురు, గ్యాస్‌ల నుంచి మళ్లాలని దేశాలన్నీ అలాంటి సదస్సు ఒప్పందంలో తొలిసారి రాసుకున్నది అక్కడే. చమురు మీద మేడలు లేపిన దేశంలో కూర్చుని నన్ను అడగడమా అని కోపం రాలేదంటే అబద్ధం. కోడలు పక్కనుంచి వాడి నోరు మూయబోయింది. వద్దన్నాను.

పక్కనే ఎన్టీపీసీ ఉందని, 1983 నుంచి కరెంటు తీస్తోందని, 2,600 మెగావాట్లకు మా బొగ్గే పోతుందని చెప్పాను. ఆ జీతంతోనే మీ నాయన ఇంజనీరయ్యాడని చెప్పాను. దుమ్ము సంగతీ దాచలేదు. మా ఊళ్లో మధ్యాహ్నం ఆరేసిన తెల్లచొక్కా సాయంత్రానికి ఏ రంగుకు వస్తుందో, వాళ్ల ముత్తాత ఎట్లా దగ్గేవాడో చెప్పాను. వాడు విని, "అయితే టీచర్ చెప్పింది కరెక్టే కదా" అన్నాడు. కరెక్టే అన్నాను. ముసలి ఆవుల సంగతి చిన్నపిల్లవాడికి కనబడ్డప్పుడు వాజశ్రవసుడికి ఎట్లా ఉండి ఉంటుందో నాకు అప్పుడు తెలిసింది. నా పక్క ఆవులు మరీ వట్టిపోయినవి కావని ఇప్పటికీ అంటాను. అది వేరే వాదన.

అందుకని మా పెద్దోడికి నేను స్కూలు పేరు చెప్పలేదు. రెండు చోట్లా అడిగి, క్లాసు జరుగుతుండగా వెనక బెంచీలో కూర్చోనిస్తే కూర్చోమన్నాను. పిల్లలు అడిగినదానికి టీచరుకు జవాబు రాకపోతే ఏం చేస్తుందో చూడమన్నాను. కసురుతుందా, తప్పిస్తుందా, నాకూ తెలియదు చూద్దాం అంటుందా. మూడోది ఎక్కడ వినబడితే అక్కడ చేర్పించమన్నాను. ఫీజు తక్కువ చోటే వినబడితే మీ అమ్మ కూడా సంతోషిస్తుందన్నాను. తెలుగు మాత్రం బడి మీద పెట్టొద్దు, అది నా బాధ్యత అన్నాను. రోజూ సాయంత్రం కాసేపు ఫోనులో, అక్షరాలతో కాదు, మాటలతో.

వియ్యంకుడు ఒప్పుకోలేదు. "యమునికి జవాబు తెలుసు. తెలిసి దాచిండు, పోరడు గట్టోడని తేలినంక చెప్పిండు. అందుకే గురువైండు. నీకు తెలియదనే టీచరు దగ్గర నా మనుమడు ఏం నేర్సుకుంటడు?" అన్నాడు. దీనికి నా దగ్గర ఇంకా జవాబు లేదు. కూతురు కొడుకని ఆయనకు వాడి మీద నాకున్నంత హక్కూ ఉంది. ఆయన ప్రశ్న కూడా అడిగి రమ్మని కొడుక్కి రాశాను.

మనుమడిది ఇంకో ప్రశ్న వాయిస్ మెసేజ్‌లో వచ్చి ఉంది. బొగ్గంతా తీసినాక ఆ బొక్కను ఏం చేస్తరు అని. ఇది నాకు తెలిసిన సంగతే. గోదావరి ఇసుకను నీళ్లతో కలిపి పైపుల్లో కిందికి పంపి నింపేవాళ్లం. అన్నిచోట్లా కాదు, కొన్నిచోట్ల పిల్లర్లు తీసేసి పైకప్పును కూలనిచ్చేవాళ్లం. ఓపెన్‌కాస్టు గోతులు వేరే కథ, అవి అంత తేలికగా నిండవు. ఫోనులో చెబితే సగం అర్థం కాదని బొమ్మ వేస్తున్నాను. పైపు ఎటు నుంచి వస్తుందో చూపించడానికి బాణం గుర్తు కూడా పెట్టాను.