పిల్లల నడక



తనతో కూడ ప్రయాణము చేయుమని ఏశావు పిలిచినప్పుడు యాకోబు ఒప్పుకొనలేదు. పిల్లలు పసివారనియు, వారి నడకను బట్టి మెల్లగా వచ్చెదననియు చెప్పెను (ఆదికాండము 33వ అధ్యాయము). 2016 జనవరి 15న అమలులోనికి వచ్చిన బాలల న్యాయ చట్టమును చదువగా మాకు ఆ ప్రయాణమే జ్ఞాపకము వచ్చినది.

వరంగల్ వారికి చెరసాలను గూర్చి చెప్పనక్కరలేదు. 2021లో కూల్చబడిన మన సెంట్రల్ జైలును, అందులో ఖైదీలు నేసిన తివాచీలను ఎరుగనివారు అరుదు. 18 ఏండ్లు నిండనివానిని అట్టి చోట ఉంచరాదు. పోలీసు లాకప్పులోనైనను ఉంచరాదు. పట్టుకొనిన 24 గంటలలో బాలల న్యాయ మండలి యెదుటికి తేవలెను. అక్కడ మేజిస్ట్రేటు ఒక్కరే కూర్చుండరు. ప్రక్కన ఇద్దరు సంఘసేవకులుందురు, వారిలో ఒకరైనను స్త్రీ.

పెద్దల న్యాయస్థానము ముఖ్యముగా "ఏమి చేసెను?" అని అడుగును. మండలి అంతటితో ఆగదు. ఇంట ఎవరున్నారు, బడి ఎప్పుడు మానెను, ఎవరితో తిరుగుచుండెను అని ప్రొబేషన్ అధికారిచేత విచారింపజేయును. బెయిలు సాధారణముగా ఇయ్యవలసినదే. హెచ్చరించి పంపవచ్చును, సమాజసేవ చేయించవచ్చును. ప్రత్యేక గృహములో ఉంచినను 3 ఏండ్లకు మించరాదు.

హత్యవంటి ఘోరనేరము చేసిన 16 ఏండ్లు దాటినవాని సంగతి వేరు. వాని మానసిక స్థితిని పరిశీలించి, పెద్దవానివలె విచారించుటకు బాలల న్యాయస్థానమునకు పంపవచ్చును. 2012 డిసెంబరులో ఢిల్లీలో జరిగిన ఘోరము తరువాతనే ఈ భాగము చేరెను. అప్పుడైనను ఉరి లేదు, విడుదలకు ఆశ లేని యావజ్జీవము లేదు. బిడ్డను పోగొట్టుకొన్న తల్లికి ఇది చాలదు. ఆమెతో వాదించుటకు మాకు నోరు రాదు.

అయితే ప్రియులారా, పెద్దవాని శిక్ష వాని పేరును జీవితమంతయు వెంబడించును. ఈ బిడ్డ పేరును పత్రికలో వేయరాదు. ఆ ఘోరనేరములు తప్ప తక్కినవాటి రికార్డులను అప్పీలు గడువు దాటిన పిమ్మట నాశనము చేయవలెను. ప్రభుత్వము చింపివేయును గాని వీధి మరువదు. కాజీపేటలోనో హన్మకొండలోనో మెకానిక్కు షెడ్డుకు పనికి పోయిన కుర్రవానిని "నీవు వాడవు గదా" అని త్రిప్పి పంపుదురు.

తల్లిదండ్రులు లేనివాని కొరకు మండలి తగిన వ్యక్తిని వెదకును. వాని నడవడికి పూచీపడి, 3 ఏండ్లవరకు తన సంరక్షణలో ఉంచుకొనువారు కావలెను. మన సంఘములో కుట్టుమిషన్లు గల ఇండ్లున్నవి, చిన్న దుకాణములున్నవి, పిల్లలు పెండ్లిండ్లయి వెళ్లగా ఖాళీపడిన గదులున్నవి.