సుత్తి దింపి నూనె పోయుట
(ధ్యానభాగములు: గలతీయులకు 6:1, లూకా 15:25-32)



గడచిన శ్రమకాలములో మదనపల్లెలోని ఒక లారీ షెడ్డులో మేము ఒక సాయంకాలమును, మరునాటి ఉదయమును గడపవలసి వచ్చినది. పుంగనూరు వైపు ఒక గ్రామములో జరుగు కూటములకు బల్లలను, పందిరి సామానును మోయుటకు మన సంఘపు సహోదరుడొకడు తన లారీని బాడుగ లేకుండ ఇచ్చెదననెను. టమోటా కాలమంతయు మార్కెట్టుకు తిరుగు పాత లారీ అది. టాటావారు 1954లో జర్మనీ బెంజి కంపెనీతో కూడి జంషెడ్‌పూరులో లారీలు చేయ మొదలుపెట్టిరి. ఆ పొత్తు 1969లో ముగిసినను, ఆ పోలిక గల బండ్లు చాలకాలము వచ్చినవి. ఈ లారీ ఆ వంశములోనిదే.

మేము వెళ్లునప్పటికి బండి షెడ్డులో నిలిచియున్నది. స్టీరింగు కడ్డీ పైభాగమున బేరింగు అరిగి, చక్రము చేతిలో ఊగులాడుచున్నది. ఆ బేరింగు మార్చవలెనన్న ముందు చక్రమును ఊడదీయవలెను. అది రాలేదు.

ఎందుకు రాదో మేస్త్రీ మాకు చెప్పెను. కడ్డీ కొన పైకి పోయిన కొలది సన్నమగును; దాని చుట్టు సన్నని పళ్లుండును. చక్రపు నడిమి గుండు ఆ పళ్లమీద కూర్చుండును, పైన పెద్ద నట్టు బిగింతురు. బిగించిన కొలది చక్రము క్రిందికి దిగి మరింత గట్టిగా పట్టుకొనును. ఇక హారను మీట సందులో నుండి యేండ్ల తరబడి తేమయు, డ్రైవరు చేతి చెమటయు దిగి తుప్పు పుట్టించును. అప్పుడు రెండు ఇనుములు ఒకే ఇనుమైనట్లుండును. లోకములో కొన్ని వైరములును ఇట్లే. మొదట బిగించినవారెవరో మరచిపోవుదుము, తుప్పు మాత్రము మిగులును.

క్లీనరు కుర్రవాడు రెండు మోకాళ్లు క్రింద ఆనించి చక్రమును పైకి లాగెను. కదలలేదు. అంతట పెద్ద సుత్తి తీసి కడ్డీ కొనమీద కొట్టబోయెను. మేస్త్రీ పరుగున వచ్చి చెయ్యి పట్టుకొనెను.

“కొట్టొద్దు నాయనా! దెబ్బ చక్రానికి తగల్దు. కడ్డీలో దిగి కింద స్టీరింగు పెట్టెలో బేరింగులకు తగుల్తుంది. పైన మరలు నలిగి పోతాయి. ఒక్క చక్రానికని మొత్తం చెడగొడతావా?”

తరువాత ఆయన పని చేసిన తీరు మేము దగ్గర నిలిచి చూచితిమి. మొదట బ్యాటరీ తీగ విప్పెను, హారను మీట తీసెను. ముందటి టైర్లను సూటిగా నిలిపి, కడ్డీ మీదను గుండు మీదను ఒకదానికొకటి ఎదురుగా గీతలు గీసెను. మరల ఎక్కించునప్పుడు ఒక పన్ను తప్పినను చక్రము వంకరగా నిలుచునట. నట్టును విప్పెను గాని పూర్తిగా తీయలేదు. కడ్డీ కొనకు సమముగా ఉండునట్లు మరలమీదనే విడిచెను. కిరసనాయిలు, డీజిలు కలిపి సందులో పోసి, గుండు చుట్టు చిన్న సుత్తితో మెల్లగా తట్టెను. “ఇంక రాత్రంతా దాన్ని దాని మానాన వదిలేయాల” అనెను. అవి రంజాను దినములు కూడ. పొద్దు క్రుంకుచుండగా ఆయన ఉపవాసము విడుచుటకు వెళ్లిపోయెను.

మా కూటమున కాలస్యమగునని మేము విసుగుకొంటిమి. దాచనేల? అయితే ఈ ఊరివారమైన మనము ఓర్పునుగూర్చి ఒకరియొద్ద నేర్చుకొనవలసిన పని లేదు. 1915లో ఆరోగ్యవరములో క్షయరోగుల ఆసుపత్రి ఆరంభమైనప్పుడు ఆ రోగమునకు మందు లేదు. స్ట్రెప్టోమైసిను కనుగొనబడినది 1943లో. అంతవరకు మంచి గాలి, మంచి ఆహారము, నెలల తరబడి విశ్రాంతి, ఇవే చికిత్స. తొందరపెట్టి ఊపిరితిత్తిని ఎవరు మాన్పగలరు?

ఇప్పుడు అసలు సంగతికి వచ్చెదము. ఆ లారీ గల సహోదరునికి ఒక అన్న కలడు. తండ్రి త్రవ్వించిన బావి నీటి వంతు విషయమై ఇద్దరికి మాట పెరిగి, పదకొండేండ్లుగా పెద్దవాడు ప్రభు బల్లయొద్దకు రాలేదు. కమిటీవారు రెండుసార్లు నోటీసు పంపిరి. మేమును తక్కువ చేయలేదు. ఒక క్రిస్మసుకు ముందటి ఆదివారమున, పేరు చెప్పకుండ, అయినను అందరికి తెలియునట్లు, పీఠముమీద నుండి ఆయనను మాటలతో కొట్టితిమి. ఆయన రాలేదు. ఆయన భార్యయు పిల్లలును కూడ ఆనాటి నుండి మానివేసిరి. దెబ్బ క్రిందివారికి తగిలినది. వచ్చే కమిటీలో ఆయన పేరు సంఘపు రిజిష్టరులో కొట్టివేయవలెనని తీర్మానము సిద్ధముగా నుండెను. దానిని వ్రాసినది మా చెయ్యియే.

పౌలు గలతీయులకు వ్రాయుచు, తప్పిపోయినవానిని సాత్వికముతో తిరిగి సరిచేయుమని చెప్పుచున్నాడు. అక్కడ ఆయన వాడిన గ్రీకు మాటయే మత్తయి 4:21లో యాకోబు యోహానులు దోనెలో కూర్చుండి వలలు బాగుచేయుచుండిరి అన్నచోట కూడ ఉన్నది. వల బాగుచేయువాడు సుత్తి పట్టడు గదా. తెగిన పోగు వెదకి, వ్రేళ్లతో ముడివేయును.

మరునాడు తెల్లవారి మేస్త్రీ పుల్లరు తెచ్చెను. రెండు ప్రక్కల రెండు బోల్టులు గుండులోనికి, నడుమ ఒక పెద్ద మర కడ్డీ కొనమీదికి. ఈ ప్రక్క ఒక చుట్టు బిగించినయెడల ఆ ప్రక్కను ఒక చుట్టు. ఒక ప్రక్కనే బిగించిన గుండు పగులును. పిమ్మట నడిమి మరను కొంచెము త్రిప్పి ఊరకుండెను. మరల కొంచెము త్రిప్పెను. కడపట ఆ మర తలమీద ఒక్క చిన్న దెబ్బ. తుపాకి ప్రేలినట్లు శబ్దమై చక్రము ఎగిరినది, నట్టు దానిని పట్టుకొన్నది.

“ఆ నట్టు తీసేసుంటే మొగం పగిలుండు అయ్యగారూ,” అని నవ్వెను. “వదిలేటప్పుడు అది మెల్లగా రాదు. పట్టుకునేది ఒకటి ఉండాల.”

ఈ మాట మమ్మును విడువలేదు. లూకా 15లో పెద్ద కుమారుడు కోపముతో బయట నిలిచినప్పుడు, తండ్రి తానే బయటికి వచ్చి బతిమాలెను. ఇంటిలో వాని వంతు వానిదేయని చెప్పెను. ఆ మాట చెప్పకుండ ఎంత బతిమాలినను ప్రయోజనమేమి? పేరు కొట్టివేసి రమ్మని పిలుచుట నట్టు తీసివేసి చక్రమును లాగుటయే.

పుంగనూరు దారిలో తమ్ముడు చాలసేపు మాటాడలేదు. తుదకు, “అయ్యగారూ, నేను పట్టుకొన్నది గూడా సుత్తే గదా,” అనెను.

కూటములు ముగిసిన వారములో అతడు ఒంటరిగా అన్న ఇంటికి వెళ్లెను. మేము వెంట వచ్చెదమంటిమి, వద్దనెను. నీటి వంతుల కాగితము తీసికొనిపోలేదు, అన్న మనుమరాలికి ఒక బుట్ట పండ్లు తీసికొనిపోయెను. గుమ్మములోనే నిలిచి మాటాడి వచ్చెను. మరుసటి వారము మరల వెళ్లెను. మూడవసారి వదిన మంచినీళ్లు ఇచ్చినదట. అన్న లోపలినుండి, “లారీ బాగైందా?” అని అడిగెనట.

కమిటీనాడు మేము వ్రాసిన తీర్మానమును మేమే వెనుకకు తీసికొని, పీఠముమీద పలికిన మాటకు పెద్దల యెదుట క్షమాపణ కోరితిమి. పెద్దలలో ఇద్దరు ఒప్పుకొనలేదు. క్రమశిక్షణ పోవునని వారి భయము, అది ఊరక త్రోసివేయదగిన భయము కాదు. అయినను పేరు రిజిష్టరులో ఉన్నది. పెద్దవాడు ఇంకను గుడికి రాలేదు. ఈ శుక్రవారము మేము ఆయన ఇంటికి వెళ్లుచున్నాము, క్షమాపణ అడుగుటకు మాత్రమే.