మాట మార్చినప్పుడు వెల ఎవరిది?

క్రీ.శ. 1513వ సంవత్సరమున ఇటలీ దేశములో పదవిని పోగొట్టుకొనిన ఒక ఫ్లారెన్సు రాజోద్యోగి తన పల్లెటింట కూర్చుండి చిన్న గ్రంథమొకటి వ్రాసెను. అతని పేరు మాకియవెల్లి. రాజు చేసిన ప్రమాణము అతనికే హానికరమైనప్పుడును, దానికి మూలమైన కారణములు తొలగిపోయినప్పుడును, దానిని నిలుపుకొనవలసిన పని లేదని ఆ గ్రంథములోని ఒక అధ్యాయము వాదించుచున్నది. అదే సంవత్సరమున మన తెలుగు నేలపై శ్రీకృష్ణదేవరాయలు ఉదయగిరి దుర్గమును ముట్టడించి యుండెను. ఫ్లారెన్సు గ్రంథమును విజయనగరములో ఎవరును చదివి యుండలేదు. చదువవలసిన అవసరమును వారికి లేదు. పొత్తులు పెట్టుకొనుట, విడుచుట, ఒకరిని మరియొకరిపై ప్రయోగించుట అను విద్య ఆ కాలపు ఏ రాజాస్థానమునకును కొత్త కాదు.

ఆ వాదమును మనము తొందరపడి త్రోసివేయరాదు. కాలము మారును, పరిస్థితులు మారును. నిన్న మేలైన పొత్తు నేడు కీడగుట నిజముగా జరుగుచున్నది. అట్టి సమయమున ఇచ్చిన మాటను ఏమి చేయవలెను? ఈ ప్రశ్నకు విజయనగర చరిత్రలోని రెండు వృత్తాంతములు రెండు విధములుగా జవాబిచ్చుచున్నవి.

మొదటిది అళియ రామరాయల వృత్తాంతము. ఇతడు కృష్ణరాయల అల్లుడు. 1542లో అచ్యుతరాయలు మరణింపగా, అతని చిన్న కుమారుని చంపించి సలకము తిరుమలుడు సింహాసనము నాక్రమించెను. రామరాయలు ఆ ఘాతకుని తొలగించి సదాశివరాయలకు పట్టము కట్టెను. ప్రజలు సంతోషించిరి. అయితే కిరీటము సదాశివునిది, అధికారము రామరాయలది. కొంతకాలమునకు ఆ రాజు కావలిలో ఉంచబడిన ఖైదీవంటివాడయ్యెను.

పొరుగుననున్న సుల్తానులతో రామరాయలు నడిపిన నీతియు ఇట్టిదే. అహమ్మదునగరము, బిజాపురము, గోల్కొండ, బీదరు, బీరారు అను ఐదు రాజ్యములు తమలో తాము పోరాడుచుండగా, అతడు నేడు ఒకరి పక్షమును, రేపు మరియొకరి పక్షమును వహించుచు వచ్చెను. 1543లో గోల్కొండ సుల్తాను కులీ కుతుబ్ షా హతుడు కాగా, అతని కుమారుడైన ఇబ్రహీము తన అన్న జంషీదునకు భయపడి పారిపోయి, తుదకు విజయనగరము చేరెను. రామరాయలు అతనిని ఆదరించెను. ఇబ్రహీము సుమారు ఏడేండ్లు ఆ ఆశ్రయమున నుండి, 1550లో గోల్కొండకు మరలిపోయి రాజయ్యెను. తెలుగు కవులు ప్రేమతో మల్కిభరాముడని పిలిచిన రాజు ఇతడే. అద్దంకి గంగాధరకవి తన తపతీసంవరణోపాఖ్యానమును ఇతనికే అంకితమిచ్చెను. బిజాపుర సుల్తానైన అలీ ఆదిల్ షా సంగతియు ఇట్టిదే. రామరాయల కుమారుడు మరణించినప్పుడు అతడు స్వయముగా వచ్చి పరామర్శించెననియు, రామరాయల భార్య అతనిని కుమారునిగా భావించెననియు చరిత్రకారుడైన ఫెరిస్తా వ్రాసెను. ఆ స్నేహముతో ఉభయులు కలిసి అహమ్మదునగరముపై దండెత్తిరి.

ఇరువదియేండ్లకు పైగా ఈ నీతి ఫలించెను. పిమ్మట 1564లో శత్రువులు బంధువులైరి. అహమ్మదునగరపు హుస్సేన్ నిజాం షా తన కుమార్తెయైన చాంద్ బీబీని అలీ ఆదిల్ షాకిచ్చి, షోలాపురము కోటను అరణముగా నిచ్చెను. అలీ సోదరి హుస్సేను కుమారునికి భార్య అయ్యెను. 1565 జనవరి 23వ తేదీన, తళ్లికోట యుద్ధమని మనము చెప్పుకొను పోరాటమున, రామరాయల ఇంట ఏడేండ్లు అన్నము తినిన ఇబ్రహీమును, ఆ ఇంటి కుమారుడనిపించుకొనిన అలీయు ఎదుటి పక్షమున నిలిచిరి. వృద్ధుడైన రామరాయలు పట్టుబడి శిరస్సు కోల్పోయెను.

దీనిని కేవలము మతయుద్ధమని చెప్పువారు కలరు. అయితే ఆ సుల్తానులు అంతకుముందు ఒకరి తరువాత ఒకరు రామరాయల ప్రక్కన నిలిచి తమ మతస్థులతోనే పోరాడిన సంగతిని మనము మరువరాదు. వారు రామరాయల యొద్ద నేర్చుకొనిన పాఠమునే రామరాయలకు అప్పగించిరి. ప్రతి స్నేహితుడును అవసరము తీరువరకే స్నేహితుడని ఒకడు తన నడతచేత ఇరువదియేండ్లు బోధించినయెడల, విద్యార్థులు గురువును మించుటలో వింత యేమి?

"గెలిచినవారును మాట తప్పినవారే గదా, మరి వారు బాగుపడలేదా?" అని చదువరులలో ఎవరైన అడుగవచ్చును. ఇది న్యాయమైన ప్రశ్న. 1564 నాటి పొత్తుకు ముద్రగా ఇవ్వబడిన పెండ్లికుమార్తె చరిత్రయే దీనికి కొంత ఉత్తరము. విధవరాలై పుట్టింటికి వచ్చిన చాంద్ బీబీ మొగలు సైన్యముల నెదిరించి అహమ్మదునగరము కోటను ధైర్యముతో కాపాడెను. 1600లో ఆమె మొగలులతో సంధికి యత్నింపగా, తమ్మును శత్రువులకు అమ్ముచున్నదను అనుమానముతో సొంత సైనికులే ఆమెను చంపిరి. నమ్మకము చచ్చిన ఆస్థానములో నిజముగా నమ్మదగినవారికిని రక్షణ లేదు.

రెండవ వృత్తాంతము మహామంత్రి సాళువ తిమ్మరుసుది. 1962లో వచ్చిన చలనచిత్రము మూలముగా అతని పేరు మన ఇండ్లలో పిల్లలకును తెలిసినది. 1535 ప్రాంతమున విజయనగరములో నుండిన పోర్చుగీసు గుఱ్ఱపు వర్తకుడు న్యూనిజ్ అతనిని గూర్చి రెండు సంగతులు వ్రాసియుంచెను. మొదటిది 1509 నాటిది. మరణశయ్యమీదనున్న వీరనరసింహరాయలు తన చిన్న కుమారుడు రాజు కావలెనని కోరి, తమ్ముడైన కృష్ణరాయల కన్నులు తీయించుమని తిమ్మరుసున కాజ్ఞాపించెనట. తిమ్మరుసు ఆ యువకుని దాచి, మేక కన్నులు తెచ్చి రాజునకు చూపెనట. రెండవది 1524 నాటిది. కృష్ణరాయలు తన ఆరేండ్ల కుమారుడైన తిరుమలరాయలకు పట్టము కట్టగా, కొలది నెలలలో ఆ బాలుడు మరణించెను. తిమ్మరుసు కుమారుడే విషము పెట్టించెనను మాట రాజు చెవిని బడెను. తాను "అప్పాజీ" అని తండ్రివలె పిలుచుకొనిన మంత్రిని రాయలు చెరలో వేయించి, కన్నులు తీయించెను.

న్యూనిజ్ తాను చూచినది గాక విన్నది వ్రాసెను గనుక, ఇందు కథ కొంత కలిసియుండవచ్చును. అయినను మన ప్రశ్నకు ఇది మిక్కిలి దగ్గరగా వచ్చుచున్నది. ఏలయనగా ఇచ్చట తిమ్మరుసుకూడ మాట తప్పినవాడే. ఏ రాజు ఉప్పు తినెనో ఆ రాజును అతని చివరి గడియలో మోసగించెను. అట్లయినచో రామరాయలకును తిమ్మరుసుకును భేదమేమి?

భేదము వెలలో నున్నది. మేక కన్నులు పట్టుకొని రాజు నెదుట నిలిచినప్పుడు తిమ్మరుసు తన మెడనే పణముగా పెట్టెను. మోసము బయటపడినయెడల శిక్ష అతనిది. దాని వలన బ్రదికినవాడు వేరొకడు. ఐగుప్తులో ఫరో ఆజ్ఞను మీరి హెబ్రీ శిశువులను బ్రదుకనిచ్చిన షిఫ్రా, పూయా అను మంత్రసానులు చేసినదియు ఇదియే. వారును రాజునకు నిజము చెప్పలేదు. అయినను దేవుడు వారికి మేలు చేసెనని నిర్గమకాండము సాక్ష్యమిచ్చుచున్నది. రామరాయలు పక్షము మార్చిన ప్రతిసారి వెల చెల్లించినది ఎవరు? సైన్యముల దారిలోని పల్లెలు చెల్లించెను. కావలిలోని సదాశివుడు చెల్లించెను. చివరకు విజయనగరమే చెల్లించెను. 1567లో ఆ నగరమును చూచిన వెనిసు వర్తకుడు సీజర్ ఫ్రెడరిక్, ఇండ్లు నిలిచియున్నవి గాని వాటిలో మనుష్యులు లేరనియు, పులులును అడవి మృగములును తిరుగుచున్నవని చెప్పుకొనుచున్నారనియు వ్రాసెను.

కావున ఇచ్చిన మాటను గూర్చి మనము అడుగవలసిన మొదటి ప్రశ్న "ఇది ఇంకను లాభకరమా?" అనునది కాదు. "నేనిప్పుడు మాట మార్చినయెడల నష్టపడువాడెవడు?" అనునదే. నష్టము నాదైనచో నా మార్పు ధర్మమై యుండవచ్చును. లాభము నాది, నష్టము ఇతరులది అయినచో, దానికి రాజనీతియని పేరు పెట్టినను అది ద్రోహమే. దేవుని గుడారములో నివసింపదగిన వానిని వర్ణించు 15వ కీర్తన, ప్రమాణము చేసి తనకు నష్టము కలిగినను మాట తప్పనివానిని అట్టివారిలో చేర్చుచున్నది. నష్టము "తనకు" అనుట గమనింపదగినది. గిబియోనీయులు మోసముచేత సంధి సంపాదించినను, యెహోషువ దానిని నిలుపుకొని వారి యుద్ధమును తన మీద వేసికొనెను. తరములు గడచిన పిమ్మట సౌలు ఆ ప్రమాణమును మీరగా, దావీదు దినములలో దేశమంతయు మూడేండ్లు కరవు ననుభవించెను.

నేనీ మాటలు వ్రాయుచున్న భిలాయి పట్టణముకూడ ఒక ఒప్పందమునుండి పుట్టినదే. 1955 ఫిబ్రవరిలో భారత దేశమును సోవియట్ రష్యాయు చేసికొనిన ఒడంబడికచేత ఇచ్చట ఉక్కు కర్మాగారము వెలసెను. 1959 ఫిబ్రవరి 4వ తేదీన రాష్ట్రపతి రాజేంద్రప్రసాదుగారు మొదటి బ్లాస్టు ఫర్నేసును ప్రారంభించిరి. సంతకము చేసిన సోవియట్ రాజ్యము 1991లో అంతరించెను. ఈ ప్రాంతమును మధ్యప్రదేశ్ నుండి విడివడి 2000లో ఛత్తీస్‌గఢ్ రాష్ట్రములో భాగమయ్యెను. ఒడంబడికలో మాత్రము పని నిలిచినది. ఇచ్చటి పట్టాలమీద దేశమంతట రైళ్లు నడుచుచున్నవి. తెలుగు కుటుంబములనేకము ఈ కర్మాగారమును నమ్ముకొని వచ్చి ఇచ్చటనే స్థిరపడినవి. అయితే ఈ మేలుకును వెల చెల్లించినవారు కలరు. కర్మాగారము కొరకు పొలములు విడిచిన దుర్గు జిల్లా గ్రామస్థులు ఆ సంతకములలో పాలుపంచుకొనలేదు. ఏ ఒప్పందమునందైనను సంతకము చేయని వారిని ముందుగా తలంచుట న్యాయము.

రాజాస్థానములు పోయినవి గాని ఆస్థానబుద్ధి పోలేదు. కార్యాలయములో పై అధికారి మారగానే స్నేహములు మారుచున్నవి. సంఘపు కమిటీ ఎన్నికలు వచ్చినప్పుడు నిన్నటివరకు ఒకే బల్లయొద్ద కూర్చున్నవారు మాటలాడుట మానుచున్నారు. ఒకని గూర్చి చెవిలో చెప్పబడిన మాటను విచారింపకయే నమ్మి, ఏండ్ల సేవను ఒక్క దినమున మరచుచున్నారు. కన్నులు తీయించుటకు ఇనుప కమ్మి అవసరము లేదు. ఒకని మంచి పేరును తీసివేయుట చాలును.

చేయవలసినవి కొన్ని మన చేతిలో నున్నవి. నిలుపుకొనగలిగినంతయే మాట ఇయ్యవలెను. పరిస్థితులు నిజముగా మారినప్పుడు, మనము మారుచున్నామని ఎదుటివానికి పగటివేళ ముఖాముఖిగా చెప్పవలెను. రాత్రివేళ పక్షము మార్చుటయే కుట్ర. నిందింపబడినవాని మాట వినకుండ తీర్పు చేయరాదు. దుఃఖములో నున్నప్పుడు అసలే చేయరాదు. కుమారుని పోగొట్టుకొనిన రాయల దుఃఖము నిజమైనదే. ఆ దుఃఖము న్యాయాధిపతి పీఠమెక్కుటయే దోషము.

అనువాదము చేయువారికి ఎదురగు ఒక మాటను చెప్పి ముగించెదను. మన తెలుగు బైబిలులో "నిబంధన" అని చదువు చోట హెబ్రీలో "బెరీత్" అను మాట ఉన్నది. రాజుల సంధికిని, దేవుడు తన ప్రజలతో చేసిన నిబంధనకును ఆ భాషలో ఇదొక్కటే మాట. ఆ నిబంధనను "చేయుట" అనుటకు వారు "కోయుట" అను క్రియను వాడుదురు. కోయబడిన జంతువుల ఖండముల మధ్య నడచుట ఆనాటి ఆచారము. మాట తప్పినయెడల నాకును ఇట్టి గతి కలుగును గాక అని దాని భావము. ఆదికాండము 15వ అధ్యాయములో ఆ ఖండముల మధ్య నడచినది అబ్రాము కాదు. అతడు గాఢనిద్రలో నుండెను. రాజుచున్న పొయ్యియు అగ్నిజ్వాలయు అగుపడి, దేవుడే ఒంటరిగా దాటిపోయెను. మాటకు వెలయంతయు తన మీదనే వేసికొనెను. ఆ వెల ఎక్కడ చెల్లింపబడెనో సిలువను ఎరిగిన చదువరులకు వేరుగా చెప్పనవసరము లేదు. అట్టి నిబంధనచేత బ్రదుకుచున్న మనము, మన మాటల వెలను బలహీనుల మీదికి నెట్టుట ఎట్లు తగును?