స్థావరమేది? జంగమమేది?



తెలుగు ఉపాధ్యాయుడు ఏటికొక్కసారియైనను పిల్లలకు తప్పక ఇచ్చు వ్యాసవిషయ మొకటి కలదు. అది ‘నేను చేసిన విహారయాత్ర’. ఇరువదియైదేండ్లుగా నేనును ఇచ్చుచు వచ్చితిని. నలువది పుస్తకములు దిద్దినచో నలువదింటను నాగార్జునసాగరమే. అదే సూర్యోదయము, అవే పక్షుల కిలకిలారావములు, ‘మా ఆనందమునకు మేర లేకపోయెను’ అను అదే ముగింపు. పిల్లలలో సగముమంది ఆ సాగరమును చూచి యెరుగరు. గైడుపుస్తకమునందలి పుటను దించివేసిరని నాకును తెలియును. అయినను దోషములు లేవు గనుక పదింటికి ఎనిమిది మార్కులు వేయుచుంటిని.

ఒక సంవత్సరము ఒక బాలుడు మాత్రము తానెచ్చటికిని పోలేదని వ్రాసెను. అతనిది ప్రొద్దుటూరు. కడప జిల్లాలో పసిడి వర్తకమునకు పేరుపడిన ప్రొద్దుటూరు కాదు. మొయినాబాదునకు, చేవెళ్లకు చేరువగా శంకర్‌పల్లి వైపుననున్న మన ప్రొద్దుటూరు. బర్రెలను చెరువునకు తోలుకొనిపోయి, అవి నీట పండుకొనగా తాను గట్టున కూర్చుండెనట. బర్రె వీపుపై వాలిన కొంగ ఎన్నిమార్లు ముక్కుతో పొడుచునో లెక్కించెనట. లెక్క నడుమ తప్పెనట. మరల మొదటినుండి ప్రారంభించెనట. వ్రాత అంతయే. ఒత్తులు లేవు, దీర్ఘములు లేవు. ‘విషయమునకు దూరము’ అని ఎఱ్ఱసిరాతో వ్రాసి మూడు మార్కులు వేసితిని. పండిత శిక్షణలో నాకు దోషములను పట్టుట నేర్పిరి, నేను చక్కగా నేర్చుకొంటిని.

ఆ మూడు మార్కులు నాకు మరల జ్ఞప్తికి వచ్చినది కూడలసంగమమున. కృష్ణా మలప్రభల కూడలియందు బసవేశ్వరుడు లింగైక్యము నొందిన స్థలమని మనమందరము పూజించు చోటది. నారాయణపురపు ఆనకట్ట నీరు చుట్టుముట్టుటచే ఐక్యమంటపమును ముంపునుండి కాపాడుటకు బావివలె గోడ కట్టినారు. మెట్లు దిగి లోనికి పోవలెను. చిన్ననాటినుండి కోరిన దర్శనము. నేను మెట్లు దిగితిని. నా మనస్సు మాత్రము దిగలేదు. అది బస్సునందు విడిచిన సంచి చుట్టును, డ్రైవరు చెప్పిన గడువు చుట్టును తిరుగుచుండెను. తిరిగి వచ్చిన పిదప ఈ పత్రికకే యాత్రావ్యాసమొకటి వ్రాయదలచి కూర్చుంటిని. నా కలమునుండి వెడలిన మొదటి వాక్యము ‘మా ఆనందమునకు మేర లేకపోయెను’! గైడుపుస్తకమును దించివ్రాసిన పిల్లలకును నాకును భేద మేమి? కొంగను లెక్కించిన బాలుడే చూచినవాడు. నేను పోయివచ్చినవాడను మాత్రమే.

కావున నా ప్రశ్న యిది. మనస్సు క్రొత్తదగుటకు, భావము పుట్టుటకు, జీవితమునకొక అర్థము దొరకుటకు మనిషి ఊరు విడిచి పోవలెనా?

మన శరణుల చరితలు దీనికి సులువైన బదులీయవు. బసవన్న తీర్థక్షేత్రములను నమ్ముకొనుమని చెప్పలేదు, దేహమునే దేవాలయముగా తెలిసికొనుమన్నాడు. ఆయనయే బాగేవాడిని విడిచి సంగమమునకును, సంగమమునుండి కల్యాణమునకును, తుదకు మరల సంగమమునకును పోయినాడు. అక్కమహాదేవి ఉడుతడిని, రాజభోగమును విడిచి కల్యాణమునకు నడచెను. అచ్చటను నిలువక శ్రీశైలపు కదళీవనమునకు నడచెను. ఆమె వచనములనుండి ఆ కొండలను, చెట్లను, పక్షులను తీసివేసినచో ఏమి మిగులును? ఇంటనే కూర్చుండిన చాలునని ఆమెతో ఎవరనగలరు?

మరియొకవైపు మోళిగె మారయ్యను చూడుడు. కాశ్మీరదేశపు రాజని, బసవన్న కీర్తి విని కల్యాణమునకు వచ్చెనని సంప్రదాయము. అంతదూరము వచ్చి ఆయన చేసిన పని యేమి? అడవికి పోయి కట్టెలు కొట్టి, మోపుకట్టి, అమ్మి, ఆ సొమ్ముతో జంగమదాసోహము. హిమాలయములను దాటి వచ్చినవానికి అర్థము కట్టెలమోపులో దొరకినది. ప్రయాణము వృథాయని అనలేము. ఆ దారి నడువనిదే ఆ మోపు ఆయన తలకెక్కదు.

మన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రయందు పర్వత ప్రకరణము వ్రాసినాడు. శివరాత్రికి శ్రీశైలమునకు పోవు జనుల పాటలు, ఆటలు, వేషములు అందు కన్నులకు కట్టును. కవి చూపు గర్భగుడి కడనే ఆగలేదు, నడచుచున్న మనుష్యులపై నిలిచినది. ఇందు వింత యేమియు లేదు. జంగమమును లింగముకంటె తక్కువ కానీయని మతము మనది.

ఇచ్చట మాట యర్థమును విచారింపవలసియున్నది. నిఘంటువు ప్రకారము కదలనిది స్థావరము, కదలునది జంగమము. చెట్లు స్థావరములు. ఆ లెక్కన హైదరాబాదు నుండి బిజాపురమునకు పోవు మన దారిపైనున్న మర్రులు స్థావరములు, వాని క్రింద పరుగెత్తు మోటారుబండ్లు జంగమములు! ఈ దారి బసవన్న పుట్టిన సీమవైపు పోవు దారియే. అప్పా కూడలినుండి మన్నెగూడ వరకు సుమారు 46 కిలోమీటర్లు. రహదారిని వెడల్పు చేయ సంకల్పింపగా, వృక్షప్రియులు లెక్కించిన సుమారు 900 మర్రుల కొరకు వివాదము జాతీయ హరిత ట్రిబ్యునలు దాక పోయెను.

మర్రి నిజముగా కదలనిదేనా? దాని పూవు పండులోపల దాగియుండును. నువ్వుగింజకంటె చిన్నదైన కందిరీగ యొకటి లోనికి దూరి పుప్పొడిని చేర్చును. పిట్ట ఆ పండును తిని, వేరొక ఊరి తాటిచెట్టుపైననో గుడిగోడపైననో రెట్ట వేయును. అచ్చట మొలక. ఇక ఊడ దిగి నేలతాకి మానగును, ఆ మానునుండి మరియొక ఊడ. కాలు కదపకయే అది ఊళ్లు తిరుగుచున్నది. చల్లని బండిలో అద్దములు మూసికొని, చేతిలోని ఫోనును చూచుకొనుచు శనివారమునాడు అనంతగిరికి పోయి సాయంకాలమునకు మరలు నగరవాసి యెంత కదలినాడు? మూసీ పుట్టినది ఆ కొండలలోననియు, 1920లో పూర్తియైన ఉస్మాన్‌సాగరమున నిలుచు నీరు అదేననియు అతనికి తెలియునా? ఈ మాట నేను ఎగతాళికి అనుటలేదు. కూడలసంగమపు మెట్లమీద నేనును అట్టి స్థావరమునే.

ఇంతవరకు వ్రాసి, ఇది తేలికమాటయేమోయని భయపడితిని. 2025 నవంబరు 3న చేవెళ్ల దగ్గర మీర్జాగూడ కడ, తాండూరునుండి వచ్చు ఆర్టీసీ బస్సును కంకరటిప్పరు ఢీకొనగా కనీసము 19 మంది మరణించిరి. పట్టణమునకు చదువులకు పోవు ఆడపిల్లలును వారిలోనుండిరి. ఆ తల్లులయెదుట నిలిచి చెట్టునీడను గూర్చి ఉపన్యసించువాడు శరణుడు కాడు. దారి వెడల్పు కావలసినదే, ఇందు నాకు సందేహము లేదు. కాని చెట్లను నడుమ నుంచి ఇరుప్రక్కల దారి వేయుట, తప్పనిసరియైన వానిని వేళ్లతో పెకలించి వేరొకచోట నాటుట ఎరుగని విద్యలు కావు. ఖర్చు, ఆలస్యము అందురు. ఆ ఆలస్యము యేండ్లతరబడి సాగినది నిజమే. అది చెట్లు చేసిన ఆలస్యమా, మనుష్యులు చేసినదా యని అడుగకుండుట మాత్రము న్యాయము కాదు.

మొన్న ఆ దారిలోనే, మర్రినీడన టీకొట్టు కడ, ఆ బాలుడు కనబడినాడు. ఇప్పుడు బాలుడు కాడు, మీసములు వచ్చిన ఇద్దరు పిల్లల తండ్రి. మా ప్రాంతపు తోటలనుండి గులాబీలు, బంతులు ఆటోలో గుడిమల్కాపూరు అంగడికి చేరవేయుట అతని కాయకము. ‘దండాలు సార్’ అని చేతులు జోడించెను. రోడ్డుమాట వచ్చినది.

‘చెట్లు కొట్టేస్తే జల్ది పోతం సార్. గానీ నీడ లేకుంటే పొద్దెక్కేసరికి పూలు వాడిపోతయ్. ఏం చెప్పాల్నో నాకు సమజైతలేదు.’

నాకును కాలేదని చెప్పితిని. అతడు బండియెక్కుచుండగా, కొంగ వ్యాసము జ్ఞాపకమున్నదాయని అడిగితిని. కొంచెము సిగ్గుపడినాడు. మూడు మార్కులు జ్ఞాపకమున్నవనెను.

ఈ సంవత్సరము విహారయాత్రను మాని ‘నిన్న సాయంకాలము నేను చూచినది’ అని ఇచ్చితిని. పుస్తకములు నా బల్లపై నున్నవి. నాగార్జునసాగరము ఒక్కదానియందును లేదు. ఇద్దరు మాత్రము ఒకరినిచూచి ఒకరు వ్రాసినారు. ఒకతె తన యవ్వ చేట చెరుగుచు, పొట్టును ఏ ప్రక్కకు విసరవలెనో గాలిని చూచి నిర్ణయించుటను రెండు పుటలు వ్రాసినది. ఒత్తులు సరిగా లేవు. ఎఱ్ఱసిరా కలమును మూతపెట్టి ప్రక్కనుంచి, ఆ రెండు పుటలను మరల చదువుచున్నాను.