చూసేవాడి వయసు

ఫెడెరికో ఫెల్లినీ 1960లో తీసిన ఇటాలియన్ సినిమా ‘లా డోల్చే వీటా’ సముద్రతీరంలో ముగుస్తుంది. రాత్రంతా తాగి తందనాలాడిన పత్రికా విలేకరి మార్చెల్లో తెల్లవారేసరికి ఇసుకలో కూలబడి ఉంటాడు. నీటిపాయ అవతలి నుంచి ఒక అమ్మాయి పిలుస్తుంది. ఒకనాడు అతను ఒక హోటల్లో టైపు మిషన్ ముందు కూర్చుని రాయడానికి తంటాలు పడుతుంటే, అక్కడ పనిచేస్తూ కనిపించిన పిల్ల. వేళ్లతో టైపు కొడుతున్నట్టు సైగ చేస్తుంది. అలల హోరులో మాట వినపడదు, సైగా అర్థం కాదు. చెయ్యూపి తన గుంపు వెంట వెళ్లిపోతాడు.

ఈ మార్చెల్లో ఎలాంటివాడు? అమెరికన్ విమర్శకుడు రోజర్ ఈబర్ట్ ఈ ప్రశ్నకు జీవితమంతా ఒకే జవాబు చెప్పలేదు. కుర్రతనంలో చూసినప్పుడు తనకూ అలాంటి బతుకే కావాలనిపించింది. 1970 ప్రాంతంలో చూసేసరికి తానూ షికాగోలో అలాంటి రాత్రులే గడుపుతున్నాడు. 1980 ప్రాంతంలో, తాగుడు మానేశాక చూస్తే, మార్చెల్లో దొరకని సుఖం కోసం వెతుక్కునే అభాగ్యుడిలా కనిపించాడు. 1991లో అతని మీద జాలి, ప్రేమ కలిగాయి. ఇన్నేళ్లలో సినిమాలో ఒక్క ఫ్రేమూ మారలేదు.

మరి వీటిలో ఏది నిజం? చివరిదే నిజమైతే కుర్రవాడి మోజు అబద్ధమా? వయసుతో చూపు తేటపడుతుందని నమ్మకమేమిటి? మొద్దుబారడమూ ఉంది కదా. అన్నీ నిజమేనంటే, ఎవరికి తోచింది వాళ్లదని చేతులు దులుపుకోవడమేనా?

నేనలా అనుకోను. కుర్రాణ్ణి ఊరించిన ఆ రాత్రుల జిలుగూ ఫెల్లినీ చూపించిందే, పెద్దయ్యాక జాలి పుట్టించిన ఆ తెల్లవారుజామూ ఫెల్లినీ చూపించిందే. విమర్శకుడు లేనిదేదీ కల్పించలేదు. ఉన్నదాంట్లో ఆ పూటకు తనకెంత అందిందో చెప్పాడు. తీర్పు మారవచ్చు, కానీ దానికి ఆధారం మాత్రం తెరమీద ఉండితీరాలి.

తీర్పు మార్చుకున్నవాళ్లు ఇంకా ఉన్నారు. 1967లో ‘బానీ అండ్ క్లైడ్’ సినిమా మీద న్యూస్‌వీక్ విమర్శకుడు జో మోర్గెన్‌స్టర్న్ విరుచుకుపడ్డాడు. మళ్లీ హాలుకు వెళ్లి చూసి, తన సమీక్ష తప్పని అదే పత్రికలో రాశాడు. మరో విమర్శకురాలు పౌలిన్ కేల్ ఇందుకు పూర్తిగా భిన్నం. సినిమాను రెండోసారి చూడటం ఆమెకు అలవాటు లేదు, మొదటి చూపుకే పూచీపడింది. ఇద్దరిలోనూ నేను గౌరవించేది ఒకటే: ఆ మాట ఎందుకన్నారో పాఠకుడి ముందు విప్పి పెట్టారు.

మనుషుల విషయంలోనూ ఇంతే కదా? తండ్రి గురించి ఇరవై ఏళ్లప్పుడు ఇచ్చుకున్న తీర్పు, మనకు పిల్లలు పుట్టాక అలాగే నిలుస్తుందా? ఆయన తప్పు తప్పుగానే ఉండవచ్చు. దాని వెనకున్న మనిషి మాత్రం అప్పటికి గానీ కనిపించడు. మార్చెల్లో తన బతుకు తానే పాడుచేసుకున్నాడన్న సంగతి ఈబర్ట్ మరచిపోలేదు. జాలిపడటానికి అది అడ్డూ కాలేదు.

పాత సినిమాకు కాలం ఇచ్చిన ఈ అవకాశం కొత్తదానికి లేదు. విడుదలైన శుక్రవారం మధ్యాహ్నానికల్లా రేటింగు చుక్కలు పడిపోతాయి. వెంటనే చెప్పడం తప్పు కాదు. దినపత్రికలో ఈబర్ట్ చేసిన ఉద్యోగమూ అదే. కానీ ఆ మాటే ఆఖరిమాట అన్నట్టు చెప్పడం తప్పు. కాబట్టి సమీక్ష చదివేటప్పుడు చుక్కల దగ్గర ఆగకండి. ఏ సన్నివేశం చూసి ఆ మాట అన్నారో వెతకండి. అది దొరకని సమీక్షను, మెచ్చుకున్నా తిట్టినా, నమ్మకండి.